పాత కారు స్టీరియోలో ఫోన్ పాటలు సరిగ్గా రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పాత కారులో ఫోన్ పాటలు గానీ మూల పడేసిన ఐపాడ్ పాటలు గానీ వినాలంటే ఆక్స్ వైరు (ఫోన్ హెడ్‌ఫోన్ హోల్ నుంచి డెక్‌కి, అంటే కారు స్టీరియోకి, కలిపేది), పెన్‌డ్రైవ్, క్యాసెట్ అడాప్టర్ (క్యాసెట్ ఆకారంలో ఉండి ఫోన్ సౌండ్‌ని డెక్‌కి అందించేది), ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ (ఫోన్ పాటని కారు రేడియోకి పంపే బుల్లి పరికరం), ఇవే దారులు. నా లెక్కలో మంచి చెడుల వరుస కూడా ఇదే, ఆక్స్ హోల్ ఉంటే మిగతావన్నీ దండగ. ఏ గొడవ వచ్చినా ముందు ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, చార్జర్ పీకేసి పాట పెట్టండి. అప్పుడు శుభ్రంగా వస్తే తప్పు కరెంటు వైపుది, అప్పుడూ పాడుగానే ఉంటే వైరుదో ఫోన్‌దో. ఇది చూడకుండా షాపుకెళ్తే "డెక్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అనేస్తారు.

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కుయ్‌య్‌మని సౌండ్ పెరుగుతోందా?

ఫోన్‌కి లైటర్ సాకెట్ చార్జర్, ఆక్స్ వైరు రెండూ ఒకేసారి పెట్టి ఉంటారు. అంటే నెగెటివ్ రెండు దారుల్లో కారు బాడీకి కలిసింది, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది) గోలంతా ఆ చుట్టులోంచి పాటలోకి దూరుతుంది, దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. చార్జర్ తీయగానే ఆగిపోతే ఇదే. డబ్బులు పెట్టకుండా కావాలంటే పవర్ బ్యాంక్ మీద చార్జ్ పెట్టుకోండి, లేదంటే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేయండి, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, మరీ చవకది కొంటే బేస్ కాస్త తగ్గుతుంది. ఏమీ తగిలించకపోయినా కుయ్‌మంటే మాత్రం డెక్ వెనక ఎర్త్ వైరు లూజై ఉండొచ్చు.

మ్యూజిక్ వస్తోంది, గొంతు మాయం!

ఇది చూసి చాలామంది ఫైల్ పాడైందనుకుంటారు. తబలా దూరంగా వినిపిస్తుంది, కోరస్ వస్తుంది, పాడేవాళ్లే ఉండరు. ఎడమ, కుడి సౌండ్ రెండూ తిరిగి వెళ్లే కామన్ తీగ ఒకటే ఉంటుంది, అది తగలకపోతే స్పీకర్లకి ఆ రెండిటి మధ్య తేడా మాత్రమే అందుతుంది, గొంతేమో రెండు వైపులా సమానంగా రికార్డ్ చేస్తారు కాబట్టి తేడాలో అది సున్నా అయిపోతుంది. ఫోన్ కవర్ తీసేసి పిన్ను టిక్‌మనేదాకా నొక్కండి, సగం కేసులు కవర్ మందం వల్లే. జేబులో తిరిగిన ఫోన్ అయితే హోల్‌లో నూలు పోగులు ఉంటాయి, ఫోన్ ఆఫ్ చేసి టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. అయినా రాకపోతే పిన్ను మెడ దగ్గర వైరు అటూ ఇటూ వంచి చూడండి, గొంతు వచ్చిపోతుంటే లోపల తెగింది, అతుకులేయకుండా కొత్తది కొనండి. కొనేటప్పుడు పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉన్నది అడగండి, మూడు ఉంటే అది మైకు కోసం, పాత డెక్‌తో ఒక్కోసారి పడదు.

అసలు సౌండే లేకపోతే? డెక్ సోర్స్ లిస్టులో ఆక్స్ కనిపించకపోతే సెటప్ మెనూలో ఆఫ్ చేసి ఉండొచ్చు. ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేనందువల్ల టైప్-సీ కన్వర్టర్ వాడుతుంటే లోపల డీఏసీ చిప్ (డిజిటల్ పాటని వైరులో వెళ్లే మామూలు సౌండ్ సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే తీసుకోండి, చిప్ లేని చవక రకం కొన్ని ఫోన్లలో అస్సలు పలకదు. పాట బరబరమంటుంటే ఫోన్ వాల్యూమ్ ఫుల్ నుంచి కొంచెం దించి మిగతాది డెక్‌లో పెంచండి, ఫోన్ ఈక్వలైజర్ ఆపేయండి.

యూఎస్‌బీ కేబుల్ పెడితే చార్జింగ్ తప్ప పాట రావట్లేదా? పాత డెక్‌కి కావాల్సింది పెన్‌డ్రైవ్‌లా కనిపించే డివైజ్, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు అలా కనిపించవు, ఎంటీపీ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి. దానితో కుస్తీ పట్టకుండా 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఎంపీ3లు వేసుకోండి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ అనే వేరే ఫార్మాట్లని చాలా పాత డెక్‌లు చదవవు, ఫ్లాక్, ఎం4ఏ ఫైళ్లదీ అదే కథ. పాటలు పేరు వరుసలో కాకుండా గజిబిజిగా వస్తుంటే అది కాపీ చేసిన వరుస, మొత్తం తుడిచి మళ్లీ వరుసగా కాపీ చేస్తే సరిపోతుంది.

ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్‌లో మీ పాట మధ్యలో ఎవరో ఆర్జే నవ్వుతున్నారా?

హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 అన్నీ స్టేషన్లే, వాటి పక్కన పెట్టినా గరగరే. 87.5 నుంచి 88 మధ్య ట్రై చేయండి, ఎక్కువ ఊళ్లలో అక్కడ ఖాళీ. విజయవాడ హైవే ఎక్కాక ఇంకో ఊరి స్టేషన్ తగిలితే బండి పక్కకి ఆపి ట్రాన్స్‌మిటర్, డెక్ రెండిట్లోనూ నంబర్ మార్చుకోండి. లాగే యాంటెన్నా ఉన్న కారైతే దాన్ని పూర్తిగా లోపలికి దించేయండి, బయట స్టేషన్లు బలహీనపడి లోపలున్న మీ బుల్లి ట్రాన్స్‌మిటర్ గెలుస్తుంది. ఎంత చేసినా బుస్సుమనే సౌండ్ కొంచెం ఉంటుంది, దానికి మందు లేదు.

క్యాసెట్ అడాప్టర్ టక్కుటక్కుమంటూ సైడ్లు మారుస్తుంటే డెక్ టేప్ అయిపోయిందనుకుని ఆటో రివర్స్ చేస్తోందన్నమాట, అడాప్టర్‌లో పళ్ల చక్రాలు బిగిసిపోయి ఉంటాయి, వేలితో తిప్పి చూడండి, తిరగకపోతే ఇంకో అడాప్టర్ కొనండి. సౌండ్ మూగగా ఉంటే దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది డెక్ హెడ్ (క్యాసెట్‌ని చదివే భాగం) తుడవండి, ఏళ్ల తరబడి తుడవని డెక్ అయితే దూది గోధుమ రంగులోకి తిరుగుతుంది, తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరాక అడాప్టర్ పెట్టండి.