ఎల్లుండే (2024 నవంబర్ 5) అమెరికా ఎలక్షన్: పోల్స్, టీవీ చూసేవాళ్ళకి జాగ్రత్తలు

ఇవాళ 2024 నవంబర్ 3, ఆదివారం. నిన్న శనివారం సాయంత్రం అయోవా రాష్ట్రం పోల్ వచ్చిన దగ్గర్నుంచీ మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. డెమోయిన్ రిజిస్టర్ పేపర్ కోసం ఆన్ సెల్జర్ చేసిన పోల్ అది, హారిస్ 47, ట్రంప్ 44. అయోవాలో ట్రంప్ 2016లో 9 పాయింట్లతో గెలిచాడు, 2020లో 8 పాయింట్లతో గెలిచాడు, అలాంటి చోటే హారిస్ ముందుందంటే ఇంక అయిపోయినట్టే అని సగం మంది సంబరాలు, ఆ పోలే దొంగ పోల్ అని మిగతా సగం తిట్లు. కానీ అదే రోజు అదే రాష్ట్రంలో ఎమర్సన్ కాలేజీ వాళ్ళ పోల్ కూడా వచ్చింది, దాంట్లో ట్రంప్ 53, హారిస్ 43. ఒకే రోజు, ఒకే రాష్ట్రం, రెండింట్లోనూ అడిగింది 800 చిల్లర మందినే, ఐనా 13 పాయింట్ల తేడా. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడు మా గ్రూపుల్లో ఒక్కడు కనపడలేదు, ఎవడికి నచ్చింది వాడు పట్టుకున్నాడు. అది చూసి భయమేసి ఇది రాస్తున్నా.

పోలింగ్ మంగళవారం, నవంబర్ 5. ఫేక్ ఫార్వర్డులు నమ్మొద్దు, రెండు మూడు ఛానళ్ళు చూడండి, ఇవన్నీ అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పేదల్లా ఒక్క తప్పు గురించి. మనసుకి నచ్చిన ఒక్క పోల్ పట్టుకుని ఫిక్స్ అయిపోవడం. ఫిక్స్ అయిపోయాక ఏం చేస్తారంటే, డబ్బు పెడతారు, లేకపోతే ఎలాగూ గెలుస్తున్నాం కదా అని ఓటు ఎగ్గొడతారు, లేకపోతే రిజల్ట్ తిరగబడ్డాక మోసం చేశారని ఏళ్ళ తరబడి నమ్మి అన్నదమ్ములతో కూడా మాటలు మానేస్తారు. ఈ మూడూ నేను చూశాను. 2018 తెలంగాణ, 2019 ఆంధ్ర ఎలక్షన్లలో పేరున్న సర్వే ఒకటి నమ్మి పందేలు కాసి పొలం పోగొట్టుకున్నవాళ్ళు మా గోదావరి జిల్లాల్లో ఉన్నారు. అంత వెనక్కి ఎందుకు, మొన్న జూన్‌లో ఎగ్జిట్ పోల్స్ చూసుకుని 3వ తారీఖున సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది, 4న ఓట్లు లెక్కపెడుతుంటే 4,300కి పైగా పడిపోయింది, సోమవారం కొన్నవాడికి మంగళవారం ఎలా తెల్లారిందో అడగండి.

పోల్స్ ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. 2016 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ఫ్లోరిడాలో 867 మందిని అడిగి, ఆ జవాబుల్ని అలాగే నలుగురు వేరే పోల్‌స్టర్లకి (పోల్స్ చేసేవాళ్ళకి) ఇచ్చారు, లెక్క మీరు వేసి చెప్పండి అని. ఒకరు క్లింటన్ 4 ముందు అన్నారు, ఒకరు 3 అన్నారు, ఒకరు 1 అన్నారు, ఇంకొకరు ట్రంపే 1 ముందు అన్నారు. టైమ్స్ సొంత లెక్క క్లింటన్ 1 ముందు. మనుషులు వాళ్ళే, జవాబులు అవే. ఒకే కందిపప్పు ఐదిళ్ళలో వండితే ఐదు రుచులు వచ్చినట్టు. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు, నిజంగా ఓటేసేది ఎవరు, చదువుకున్నవాళ్ళని ఎంత లెక్కలోకి తీసుకోవాలి, ఫోన్ ఎత్తని వాళ్ళ సంగతేంటి, ఈ ప్రశ్నలకి ఎవరి అంచనా వాళ్ళది. ఎమర్సన్ లాంటి సంస్థలు పోయినసారి ఎవరికి వేశారని అడిగి దాన్ని బట్టి లెక్క సరిచేస్తాయి, సెల్జర్ అలా చెయ్యదు. అందుకే ఒక్క పోల్ పట్టుకుంటే మీరు పట్టుకున్నది జనం మాట ఒక్కటే కాదు, ఆ లెక్క వేసినవాళ్ళ ఊహ కూడా.

సెల్జర్ రికార్డు మాత్రం గొప్పదే, నేను కాదనను. 2016లోనూ 2020లోనూ ఆవిడ చివరి పోల్ ట్రంప్ 7 ముందు అని చెప్పింది, దాదాపు అలాగే జరిగింది. ఐనా సరే, రికార్డున్న మనిషి చేసినా అది ఒక్క పోలే. 2020 అక్టోబర్ చివర్లో ఏబీసీ, వాషింగ్టన్ పోస్ట్ కలిసి చేసిన పోల్ విస్కాన్సిన్‌లో బైడెన్ 17 పాయింట్లు ముందు అంది, వాళ్ళేమన్నా చిన్న పేర్లా? తీరా చూస్తే బైడెన్ గెలిచింది ఒక్క పాయింట్ కూడా లేకుండా, 20 వేల చిల్లర ఓట్లతో.

మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (లెక్క ఎంతవరకు తప్పొచ్చో చెప్పే అంకె) అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ప్లస్ ఆర్ మైనస్ 3.5 అనుకోండి, అది ఒక్కొక్కరి శాతానికి. ఇద్దరి మధ్య తేడాకి వచ్చేసరికి అది దాదాపు డబుల్ అవుతుంది. ఇవాళ వచ్చిన న్యూయార్క్ టైమ్స్, సియెనా కాలేజీ పోల్‌లో పెన్సిల్వేనియా 48-48, అరిజోనాలో ట్రంప్ 4 ముందు. ఈ అరిజోనా 4 కూడా గ్యారంటీ కాదు, విస్కాన్సిన్‌లో హారిస్ 2 ముందు అన్నది అసలు కాదు.

యావరేజ్ చూడండి, అది కొంచెం నయం, కానీ అన్ని పోల్స్ ఒకే వైపు తప్పవచ్చు. 2016లో, 2020లో ట్రంప్ బలం తక్కువ చూపించాయి, 2012లో ఒబామా బలం తక్కువ చూపించాయి. కాబట్టి "ఈసారి కూడా ట్రంప్‌కి 3 కలుపుకో అన్నా" అనే వాడి మాట వినొద్దు, ఏ వైపు తప్పుతుందో ముందు ఎవడికీ తెలీదు. ఇంకోటి, ఈ వారం ఎటైనా మొగ్గే స్వింగ్ స్టేట్స్‌లో అన్నీ టై, ఒక పాయింట్, టై, ఒక పాయింట్ అని వస్తున్నాయి, ఇంత చక్కగా రావడమే అనుమానం. మిగతావాళ్ళకంటే తేడాగా కనపడితే పరువు పోతుందని నంబర్ సర్దుకునే సంస్థలుంటాయి. అన్నీ ఒకేలా ఉన్నాయంటే అన్నీ కరెక్ట్ అని కాదు.

టీవీ, పేపర్ల పక్షపాతం

ఫాక్స్ ఛానల్ ట్రంప్ వైపు, ఎమ్‌ఎస్‌ఎన్‌బీసీ ఛానల్ హారిస్ వైపు అని అందరికీ తెలుసు, తెలిసిన పక్షపాతంతో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం ఎక్కడంటే ఏ పోల్ చూపించారు, ఏది దాచారు అన్న దాంట్లో. నంబర్ నిజమే ఉంటుంది, పక్కన ఉన్న ఇంకో మూడు నంబర్లు చూపించరు. నిన్న రాత్రి అయోవా పోల్ ఒక చోట గంటలకొద్దీ నడిచింది, ఇంకో చోట చెత్త పోల్ అని కొట్టిపారేశారు. అబద్ధం చెప్పకుండానే మోసం చెయ్యొచ్చు, మనం ఫ్యాక్ట్ చెక్ చేసుకున్నా దొరకదు.

మొన్న అక్టోబర్ 25న వాషింగ్టన్ పోస్ట్ ఈసారి ఎవరినీ సపోర్ట్ చెయ్యం అని ప్రకటిస్తే నాలుగైదు రోజుల్లో 2 లక్షల 50 వేల మంది దాకా సబ్‌స్క్రిప్షన్ తీసేశారు. మనకి నచ్చింది చెప్పకపోతే వెళ్ళిపోతాం అని వాళ్ళకి తెలుసు. మనం నచ్చిన పోల్ వెతుక్కుంటున్నామని కూడా తెలుసు, అందుకే అదే వడ్డిస్తారు.

తెలుగు ఛానళ్ళ సంగతి వేరు. ట్రంప్ పక్కన వైస్ ప్రెసిడెంట్‌గా నిలబడ్డ వాన్స్ భార్య ఉషా మూలాలు మన పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయని ఒకరు, కమలా హారిస్ తాతగారి ఊరు తమిళనాడులో తులసేంద్రపురం అని ఇంకొకరు, రోజంతా అదే. దాంట్లో తప్పేం లేదు, కానీ ఆ అభిమానంతో థంబ్‌నెయిల్ మీద "గెలుపు ఖాయం" అని వేస్తే దాన్ని సర్వే అనుకోవద్దు. కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వేలో ఇండియన్ అమెరికన్లలో హారిస్‌కి 61, ట్రంప్‌కి 32 అని వచ్చింది, అడిగింది 714 మంది సిటిజన్లని, అన్ని భాషలవాళ్ళూ కలిపి, దేశం మొత్తం మీద. దాన్ని పట్టుకుని "జార్జియాలో తెలుగోళ్ళు అంతా ఇటే" అని పోస్టు పెట్టేశారు. అందులో జార్జియా తెలుగోళ్ళు ఎంతమంది తేలతారో మీరే లెక్కేసుకోండి.

ఇంక ఈ మూడు రోజులకి

బెట్టింగ్ సైట్లో 60 శాతం అంటే 60 శాతం ఓట్లు అని కాదు, పదిసార్లలో నాలుగుసార్లు ఓడిపోతాడని. 2016లో టైమ్స్ లెక్కలో క్లింటన్ గెలిచే అవకాశం 85 శాతం, ఆ మిగతా 15 జరిగింది.

పాలీమార్కెట్ అనే బెట్టింగ్ సైట్ రేటు చూసి ఎవరు గెలుస్తారో చెప్పొద్దు, ఒక్క ఫ్రెంచ్ మనిషి కొన్ని అకౌంట్లతో దాదాపు 3 కోట్ల డాలర్లు ట్రంప్ మీద పెట్టాడని పోయిన నెలే బయటపడింది.

పందెం కాయొద్దు. చిన్నదైనా కాయొద్దు. క్రిప్టో, షేర్లు కూడా పోల్ చూసి కొనొద్దు.

ఇంటర్నల్ పోల్ (పార్టీ తన కోసం చేయించుకున్నది) లీకయ్యింది అంటే ఎవరు లీక్ చేశారో ఆలోచించండి. ఓడిపోతున్న నంబర్‌ని మామూలుగా ఏ పార్టీ లీక్ చెయ్యదు.

పోల్ ఎవరు చేయించారు, ఏ తేదీల్లో, ఎంతమందిని అడిగారు, ఈ మూడూ లేని నంబర్ ఫార్వర్డ్ చెయ్యొద్దు.

పోల్ లోపలి ముక్కలు చూడొద్దు, యువకులు ఇంత, నల్లజాతి మగవాళ్ళు ఇంత అని. మొత్తం 800 మందిలో వాళ్ళు ఓ గుప్పెడు మంది ఉంటారు, ఆ శాతాలు గాలికి ఊగుతాయి.

నేషనల్ పోల్ చూసి గెలుపు చెప్పొద్దు. 2016లో దేశం మొత్తం మీద క్లింటన్‌కే 2 శాతం ఓట్లు ఎక్కువ, ఐనా గెలిచింది ట్రంప్, ఎందుకంటే ఇక్కడ గెలుపు రాష్ట్రాల వారీగా తేలుతుంది.

ఒక్క పోల్ పట్టుకోవద్దు. మళ్ళీ చెప్తున్నా, నచ్చిన పోల్ వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్త.

ఇండియాలో అమ్మానాన్నలకి చెప్పండి, ఇవాళ్టి నుంచి ఇక్కడ అమెరికాలో గడియారాలు గంట వెనక్కి మారాయి కాబట్టి న్యూయార్క్ టైమ్‌కీ ఇండియా టైమ్‌కీ తేడా పదిన్నర గంటలు. జార్జియా పోలింగ్ అయ్యేది ఇండియా టైమ్ ప్రకారం బుధవారం పొద్దున్న 5:30కి, పెన్సిల్వేనియా 6:30కి, నెవాడా 8:30కి. ఆ లోపు టీవీలో ఎవరు గెలిచారన్నా నమ్మొద్దు.

పొద్దున్న కనిపించే లీడ్ చూసి పెద్దవాళ్ళకి బీపీ పెరగనివ్వద్దు. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజు పొద్దున్న దాకా తెరవనే కూడదు, అది చట్టం. ముందు బూత్ ఓట్లు కనపడి తర్వాత పోస్టల్ ఓట్లు గుత్తగా పడితే లీడ్ మారిపోతుంది. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరం పోస్టల్ ఓట్లు అన్నీ ఒకేచోట లెక్కపెట్టి రాత్రి లేటుగా ఒకేసారి చెప్తారు. 2020లో దాన్నే దొంగ ఓట్లు అని తిప్పారు. అప్పుడు విన్నర్‌ని చెప్పింది శనివారం. ఈసారీ శనివారం అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు కూడా.

పోలింగ్ రోజు న్యూయార్క్ టైమ్ సాయంత్రం ఐదు దాటాక ఎగ్జిట్ పోల్ ముక్కలు బయటికొస్తాయి. పట్టించుకోవద్దు. 2004లో అవి కెర్రీని గెలిపించాయి, బుష్ ప్రెసిడెంట్ అయ్యాడు.

ఓటున్నవాళ్ళు టీవీ చూసి ఆగిపోవద్దు. 2000లో ఫ్లోరిడా పడమటి కొసలో, అక్కడ టైమ్ ఒక గంట వెనక, ఇంకా పోలింగ్ నడుస్తుండగానే ఛానళ్ళు గోర్ గెలిచాడని చెప్పేశాయి, తర్వాత వెనక్కి తీసుకున్నాయి, చివరికి ఆ రాష్ట్రంలో తేడా 537 ఓట్లు. మూసే టైమ్‌కి మీరు లైన్లో ఉంటే ఎంత లేటైనా ఓటు వెయ్యనిస్తారు. ఫోన్ జేబులో పెట్టేసి లైన్లోనే ఉండండి.