డెన్సిటీ ‘సీ’ వచ్చిందా? ఐజీఎఫ్-1 పరీక్ష అడిగేముందు ఇవి చూడండి

ల్యాబ్‌లో హార్మోన్ పరీక్షలు చేయడం నా పని. ఈమధ్య మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టు చేత్తో పట్టుకొచ్చి “ఐజీఎఫ్-1 కూడా చేసెయ్యండి మేడమ్” అనేవాళ్లు కనిపిస్తున్నారు. ఐజీఎఫ్-1 లాంటి పెరుగుదల ప్రోటీన్లు రక్తంలో ఎక్కువుంటే రొమ్ము సాంద్రత పెరుగుతుందని ఎక్కడో చదివి ఉంటారు. రక్తం తీయడం నాకు నిమిషం పని. అయినా, ముందు ఉన్న రిపోర్టు చదువుకుందాం రండి అంటాను.

అందులో డెన్సిటీ, అంటే సాంద్రత గురించి ఒక వాక్యం ఉంటుంది. ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం పక్కనే ఉండొచ్చు. ఏ అంటే దాదాపు అంతా కొవ్వు. డీ అంటే గ్రంథులు, పీచు కణజాలం బాగా దట్టం. సీ, డీలను దట్టమైన రొమ్ములుగా లెక్కిస్తారు. ఇది జబ్బు పేరు కాదు. అదే రిపోర్టులో బై-రాడ్స్ అని 0 నుంచి 6 దాకా ఒక అంకె ఉంటుంది, దాన్ని దీంతో కలపకండి. అనుమానం ఎంతో చెప్పేది ఆ అంకె. 2 అంటే హానిలేనిదే కనిపించిందని, 0 అంటే ఇంకా ఫిల్ములు కావాలని. అన్నట్టు, చేత్తో తడిమి సాంద్రత చెప్పలేం. గట్టిగా తగిలే రొమ్ము ఫిల్ములో కొవ్వుగానే కనిపించవచ్చు.

సాంద్రతను పట్టించుకోవడానికి కారణాలు రెండు. దట్టమైన కణజాలమూ తెల్లగానే, గడ్డా తెల్లగానే పడతాయి కాబట్టి గడ్డ దాగిపోవచ్చు. పైగా క్యాన్సర్ ముప్పు కూడా దట్టమైన రొమ్ముల్లో కొంత ఎక్కువే.

ఇక ఐజీఎఫ్-1. గ్రోత్ హార్మోన్ ఆజ్ఞతో ప్రధానంగా కాలేయం తయారుచేస్తుంది. రక్తంలో చాలావరకు ఐజీఎఫ్‌బీపీ-3 అనే ప్రోటీనుకు అతుక్కుని తిరుగుతుంది. పాలగ్రంథుల కణాలను విభజన చెందమని ప్రోత్సహిస్తుంది కనుక సాంద్రతతో లంకె ఉండొచ్చన్న ఊహ సబబే. 2000 ప్రాంతంలో వచ్చిన కొన్ని అధ్యయనాల్లో, ముట్లు ఆగని స్త్రీలలో ఆ లంకె కనిపించింది కూడా. తర్వాతి అధ్యయనాలన్నీ దాన్ని బలపరచలేదు. క్యాన్సర్ విషయంలో మాత్రం 2010లో 17 అధ్యయనాలు కలిపి చూస్తే, ఐజీఎఫ్-1 అత్యధికంగా ఉన్న ఐదో వంతు స్త్రీలలో ముప్పు, అత్యల్పంగా ఉన్న ఐదో వంతుకంటే సుమారు 28 శాతం ఎక్కువ తేలింది. అది గుంపుల మధ్య తేడా, మీ ఒక్కరి జాతకం కాదు.

ఇలాంటి వార్త చదివినప్పుడు నేను మొదట వెతికేది బరువు లెక్క. లావుగా ఉన్నవారి రొమ్ముల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి సాంద్రత శాతం దానంతటదే తగ్గుతుంది. బరువు తేడాను లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన లంకెను నేను నమ్మను. ముట్లు ఆగినవారినీ ఆగనివారినీ విడదీశారా అన్నది రెండో ప్రశ్న.

ఇప్పటికే పరీక్ష చేయించారా? అంకెను వయసుతో కలిపి చదవండి. యవ్వనారంభంలో ఐజీఎఫ్-1 శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ పోతుంది. ఇరవై ఏళ్ల అమ్మాయికి మామూలైన విలువ డెబ్బై ఏళ్లావిడకు ఎక్కువ కావచ్చు. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ మాత్రలు, కాలేయ జబ్బు, సరిగా తినకపోవడం దాన్ని తగ్గిస్తాయి. రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టకండి, పద్ధతులు వేరు. అసలు ఈ పరీక్ష గ్రోత్ హార్మోన్ లోపాన్నో అతిశయాన్నో పట్టడానికి. మీ రొమ్ముల సాంద్రతను అది చెప్పదు.

ఆ డబ్బు, ఓపిక డాక్టరు దగ్గర ఖర్చుపెట్టండి. అమ్మకు, అక్కచెల్లెళ్లకు రొమ్ము క్యాన్సర్ ఉందా, ముట్లు ఆగాక వాడే ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిన్ కలిపిన హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అన్నది ముందే చెప్పండి. ఆ మాత్రలు సాంద్రతను పెంచగలవు. పాత ఫిల్ములు తీసుకెళ్లండి. డీ వచ్చినవారు అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో అవసరమా అని సూటిగా అడగండి. నెదర్లాండ్స్‌లో అతి దట్టమైన రొమ్ములున్నవారికి ఎంఆర్ఐ కూడా ఇస్తామన్న ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. రెండు స్క్రీనింగుల మధ్య బయటపడే క్యాన్సర్లు వెయ్యి మందికి 5 నుంచి 2.5కు తగ్గాయి. ఎంఆర్ఐతో అనవసరపు బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) కొన్ని తప్పవన్నదీ నిజమే, అదీ అడగండి.

కొత్తగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినా, మామోగ్రామ్ మామూలని వచ్చిందని ఊరుకోకండి. వచ్చే ఏడాది దాకా ఆగకుండా ఈ వారమే చూపించుకోండి.