రిమ్ అరిగిందా? గోరుతో చూడండి

వానాకాలంలో బ్రేక్ వేసినప్పుడల్లా నా సైకిల్ గరగరమనేది. రబ్బర్లు మార్చుకుంటూ పోయాను గానీ, అరుగుతున్నది రిమ్ము కూడా అని చాన్నాళ్లు గమనించలేదు.

అల్యూమినియం రిమ్ముల్లో చాలావాటికి, బ్రేక్ రబ్బరు రాసుకునే చోట చుట్టూ సన్నటి గాడి గానీ, అక్కడక్కడా ఆవగింజంత గుంట గానీ ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో అందులోని నల్ల మడ్డి తీసి, తడిగుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. గాడి గోరుకి తగిలితే ఇంకా తిరగొచ్చు. నునుపైపోయిందంటే రిమ్ మార్చాల్సిందే. రిమ్ పక్క గోడ పల్చబడితే టైరులో గాలి ఒత్తిడికే చీలిపోవచ్చు. రబ్బర్లదీ అదే లెక్క, వాటి మీది గాట్లు మాయమైతే కొత్త జత వేయించండి. పనిలో పనిగా వాటిలో ఇరుక్కున్న ఇసుకని పిన్నీసుతో పీకేయండి. నాకైతే గరగర దానితోనే చాలావరకు పోయింది.

మడ్డి తీయకుండా చూస్తే మాత్రం మంచి రిమ్ కూడా అరిగినట్టే కనిపిస్తుంది. కొన్ని రిమ్ముల్లో వ్యవహారం తిరగబడి ఉంటుంది: అరిగాకే గీత బయటపడుతుంది. అసలు గుర్తే లేనివీ ఉన్నాయి. వాటికి స్టీలు స్కేలు అంచుని రబ్బరు రాసుకునే చోట టైరు వైపు నుంచి హబ్ (చక్రం నడిమి భాగం) వైపుకి ఆనించి చూడండి, మధ్యలో పల్లం తేలితే అరిగినట్టే.