అవ్వాతాతలు ఉండే ఇంట్లో ముందు బాత్రూం సంగతి చూడండి

పెద్దవాళ్లను ఊళ్లో ఉంచి బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లినవాళ్లు చాలామంది ముందు కొనేది కెమెరా. అది పడిపోయిన సంగతి చెబుతుంది గానీ పడకుండా ఆపదు. ఆ డబ్బు ముందు బాత్రూంకు పెట్టండి.

మన కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఎక్కువగా కడప బండో బేతంచెర్ల బండో పరిచి ఉంటుంది. పాలిష్ బండ తడిస్తే జారుతుంది. పైగా బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే సబ్బు నురగ రాక, తెల్లటి జిడ్డుగా బండకు పడుతుంది. దాన్ని వదిలించాలని యాసిడ్ పోయొద్దు. ఇవి సున్నపురాయి బండలు, యాసిడ్‌కు పొంగి గుంటలు పడతాయి. వారానికి రెండుసార్లు సబ్బుపొడి వేసి గట్టి బ్రష్‌తో రుద్దితే చాలు. స్నానం చేసేచోట, కమోడ్ ముందర రాతిపనివాళ్లతో ఉలిగాట్లు కొట్టించండి. రెండు మిల్లీమీటర్ల లోతు చాలు, అంతకు మించితే అరికాలికి గుచ్చుకుంటాయి.

టవల్ కడ్డీ మనిషి బరువు ఆపదు. కమోడ్ పక్కన 32 నుంచి 38 మిల్లీమీటర్ల స్టీలు పైపు, గోడకు 4 సెంటీమీటర్ల ఎడంగా వేయించాలి. ఎడం ఎక్కువైతే చెయ్యి జారి అందులో ఇరుక్కుంటుంది. ఎత్తు మేస్త్రీ ఇష్టానికి వదలకండి. అవ్వను కూర్చోబెట్టి, లేపి, చెయ్యి ఎక్కడికి పోతుందో గోడమీద సుద్దతో గీయండి. ఇటుకగోడైతే యాంకర్ బోల్టు టైలు దాటి ఇటుకలోకి రెండున్నర అంగుళాలు దిగాలి. పాత రాతిగోడలో రాళ్ల మధ్య మట్టే కాబట్టి బోల్టు నాలుగు రోజులకే కదులుతుంది. అక్కడ నేలలో అడుగు లోతు గుంత తీసి, ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించండి. వారం నీళ్లు పట్టాక, ఇంట్లో బరువైన మనిషి గట్టిగా లాగి చూసిన తర్వాతే పెద్దవాళ్లను పట్టుకోనివ్వాలి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే నెట్టలేం. గొళ్లెం కూడా బయటినుంచి తీయగలిగేదే పెట్టించండి.

ఇక రాత్రిపూట. కుంగిపోయిన నులకమంచం మీదనుంచి లేవడం కష్టం. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనే మంచం కావాలి. లేవగానే నడవకుండా ఒక నిమిషం కూర్చోమనండి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మరీనూ. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైట్లు ఇన్వర్టర్ లైనుకే కలపండి. గడపకు పసుపురంగు వేసే అలవాటు మానకండి, చూపు తగ్గినవాళ్లకు అదే గుర్తు.

ఏప్రిల్, మే ఎండల్లో వాళ్లకు దాహం తెలియదు. అడిగేదాకా ఆగక గంటగంటకూ నీళ్లో మజ్జిగో ఇవ్వాలి. నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే, ఎంతివ్వాలో ఆయన్నే అడగండి.

108, పెద్దల హెల్ప్‌లైన్ 14567, పక్కింటివాళ్ల నంబరు గోడమీద పెద్ద అంకెల్లో రాయండి. ఇంటి తాళంచెవి ఒకటి ఆ పక్కింట్లోనే ఉంచండి. అంబులెన్సు వచ్చాక తలుపు పగలగొట్టే పని ఉండదు.