ఆర్‌స్టూడియో వదలకుండా పైథాన్ నడపడం ఎలా?

మద్దిలపాలెంలో మా పక్క గది కుర్రాడు స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు, వాడికి లెక్కల కోసం వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తప్ప ఇంకోటి ఎక్కదు, నాకేమో పైథాన్ అలవాటు. ఇద్దరం కలిసి వైజాగ్ వానల లెక్కలు చూద్దామని కూర్చుంటే ఫైళ్లు అటూ ఇటూ మెయిల్ చేసుకోవడంతోనే సాయంత్రం గడిచిపోయింది. ఆ బాధ అక్కర్లేదు.

కంప్యూటర్లో పైథాన్ ఉందనుకుందాం. ఆర్‌స్టూడియో (ఆర్ కోడ్ రాసి నడిపే ప్రోగ్రామ్) తెరిచి, ఆర్‌లోంచే పైథాన్ నడిపించే రెటిక్యులేట్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి లోడ్ చేయండి. (ఒంటి మీద వల అల్లినట్టు చారలుండే ఒక కొండచిలువ పేరులోంచి తీసుకున్న మాట అది, పేరు పెట్టినవాళ్లకి సరదా ఎక్కువే.)

అసలు తిప్పలు ఇక్కడే. టూల్స్‌లో గ్లోబల్ ఆప్షన్స్‌కి వెళ్లి, పైథాన్ అన్న చోట ఏ పైథాన్ వాడాలో మీరే ఎంచుకోండి. చాలామంది సిస్టమ్‌లో రెండు మూడు పైథాన్లు ఉంటాయి, టేబుళ్లతో పనిచేసే పాండాస్ అనే పైథాన్ ప్యాకేజీ ఒకదాంట్లో ఉంటే ఆర్‌స్టూడియో ఇంకోదాన్ని పట్టుకుని అలాంటి మాడ్యూలే లేదంటుంది, మనమేమో పాండాస్‌నే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటాం. సెషన్‌లో ఒకసారి పైథాన్ మొదలయ్యాక మధ్యలో మార్చడం కుదరదు. విండోస్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి ఆర్‌ని రీస్టార్ట్ చేయాల్సిందే.

ఇక కొత్త పైథాన్ స్క్రిప్ట్ తెరిచి కోడ్ రాసి కంట్రోల్ ఎంటర్ కొట్టండి. కన్సోల్‌లో మూడు బాణాలు (>>>) కనిపిస్తే పైథాన్‌లో ఉన్నట్టు. ఎగ్జిట్ అని టైప్ చేస్తే ఆర్ తిరిగొస్తుంది.

పైథాన్‌లో చేసిన టేబుల్ ఆర్‌లో కావాలంటే చిన్న అక్షరాల్లో పీ, వై రాసి, డాలర్ గుర్తు పెట్టి, దాని పేరు రాయండి. ఆర్‌లోది పైథాన్‌లో కావాలంటే చిన్న ఆర్, చుక్క, పేరు. పాండాస్ డేటాఫ్రేమ్, అంటే టేబులే, ఆర్‌లోకి డేటాఫ్రేమ్‌గానే వస్తుంది, ఎక్సెల్‌లో సేవ్ చేసే పనే లేదు.

లెక్క మాత్రం జాగ్రత్త. ఆర్ 1 నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ 0 నుంచి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటింది కదా, ఆ ఏడాది పన్నెండు నెలల వానల జాబితాలో బ్రాకెట్లలో 10 అని రాసి అడిగితే ఆర్ అక్టోబర్ ఇస్తుంది, పైథాన్ నవంబర్ ఇస్తుంది. ఎర్రర్ కూడా రాదు, మా గ్రాఫ్‌లో తుఫాను నెల మాయమైతే గానీ మాకు తెలియలేదు.

ఇంకోటి. ఆర్‌లో మామూలుగా 12 అని రాస్తే పైథాన్‌కి 12.0 అని చేరుతుంది, దాన్ని వరుస అంకెలిచ్చే రేంజ్ అనే పైథాన్ ఫంక్షన్‌కి ఇస్తే ఒప్పుకోదు. 12 పక్కనే పెద్ద ఎల్ అక్షరం (12L) పెట్టండి, ఆ తిప్పలు పోతాయి.