స్నార్కెలింగ్ మాస్క్ మసకబారుతోందా?

అండమాన్‌లో హేవ్‌లాక్ జెట్టీ నుంచి పడవలో ఎలిఫెంట్ బీచ్‌కి స్నార్కెలింగ్‌కి వెళ్లాం, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగున ఉన్నవి చూడటం. నీళ్లలో దిగిన రెండు నిమిషాలకే మాస్క్ అద్దానికి ఆవిరి పట్టేసింది. కింద పగడాలున్నాయని గైడ్ చెబితే నమ్మడమే! తీసి తుడుచుకోవడం, మళ్లీ పెట్టుకోవడం, ఈలోగా మీసాల సందులోంచి ఉప్పునీళ్లు.

రెండోసారి దిగేముందు ఇలా చేశాను. చిన్నపిల్లల షాంపూ, మంచినీళ్లు సగం సగం చిన్న సీసాలో కలుపుకోవాలి. అద్దం పొడిగా ఉండగానే లోపలివైపు రెండు చుక్కలు వేసి వేలితో మూలమూలలా రాయాలి. అర నిమిషం ఆగి, ఒక్కసారి నీళ్లలో ముంచి తీయాలి. రుద్ది కడిగితే పూత మొత్తం పోతుంది, అసలు కడగకపోతే కళ్లు మండుతాయి. ముఖానికి నీళ్లు చల్లుకుని వెంటనే పెట్టుకోవాలి. మధ్యలో నుదుటి మీదకి తోసుకుంటే మళ్లీ ఆవిరి పడుతుంది. ముప్పావు గంట దాకా నాకు ఇబ్బంది రాలేదు.

కొత్త మాస్క్‌కి మాత్రం ఇది పనిచేయదు, అద్దం మీద తయారీలో అంటిన పొర ఉంటుంది. ముందురోజే తెల్ల టూత్‌పేస్టుతో లోపల రుద్ది కడగాలి. అదీ గాజు అద్దమైతేనే, ప్లాస్టిక్‌ది గీతలు పడుతుంది.