వడగళ్ల దెబ్బకు బీమా సంస్థ తక్కువ లెక్కగట్టినప్పుడు: రూఫింగ్ కాంట్రాక్టర్లు సప్లిమెంట్ రాసే పద్ధతి

అమెరికాలో వడగళ్ల వాన గానీ పెనుగాలి గానీ వచ్చి వెళ్లిన తర్వాత బీమా సంస్థ పంపే అడ్జస్టర్ ఇంటి పైకెక్కి, ఫోటోలు తీసుకుని, చాలా సందర్భాల్లో ఎక్సాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎస్టిమేట్ తయారు చేస్తారు. తుపాను తర్వాతి వారాల్లో ఒక్కొక్కరు రోజుకు ఎన్నో ఇళ్లు చూడాల్సి వస్తుంది. పైగా వారికి కనిపించేది షింగిల్స్ (కప్పు మీద పరిచే పెంకుల్లాంటి ముక్కలు) పైభాగమే. కింద ఉన్న పొరలు, చెక్క, ఫ్లాషింగ్ (అతుకుల దగ్గర నీరు దిగకుండా వేసే రేకు) వెనుక భాగం విప్పితే తప్ప ఎవరికీ కనిపించవు. అందువల్ల మొదటి ఎస్టిమేట్‌లో కొన్ని పనులు వదిలిపోవడం సహజమే, దాన్ని ప్రతిసారీ దురుద్దేశంగా భావించనక్కరలేదు. వదిలిపోయిన పనులను, తప్పుగా వేసిన కొలతలను ఆధారాలతో చూపి, అదే క్లెయిముకు అదనపు సొమ్ము మంజూరు చేయమని పంపే పత్రమే సప్లిమెంట్. ఇది బేరం కాదు. ఒక్కొక్క పనికీ ఒక కొలత, ఒక ఫోటో, అది ఎందుకు అవసరమో చెప్పే ఒక నిబంధన చూపగలిగితే సప్లిమెంట్ నిలబడుతుంది. «మా ధర ఇంతే» అని ఎంత మర్యాదగా రాసినా నిలబడదు.

ముందుగా మీ హద్దు ఎక్కడుందో తెలుసుకోండి

చాలా రాష్ట్రాల్లో ఇంటి యజమాని తరఫున క్లెయిము విషయంలో బీమా సంస్థతో సంప్రదింపులు జరపాలంటే పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్సు ఉండాలి. టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ కోడ్ 4102వ అధ్యాయం మరో అడుగు ముందుకు వేసి, ఒక ఇంటికి కాంట్రాక్టు పని చేస్తున్నవారు అదే ఇంటికి పబ్లిక్ అడ్జస్టర్‌గా వ్యవహరించడాన్ని, అలా చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఈ నిబంధన వాక్ స్వాతంత్ర్యాన్ని హరిస్తోందన్న వాదనను ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 జూన్‌లో అంగీకరించలేదు. కాబట్టి మీ వెబ్‌సైటులోనో కరపత్రంలోనో «మీ క్లెయిము మేం పరిష్కరిస్తాం» వంటి వాక్యం ఉంటే ముందు దాన్ని తీసేయండి. మీరు చేయబోయే పని ఎంత, దానికి కొలతలు ఏమిటి, ధర ఎంత, స్థానిక భవన నిబంధన ఏం కోరుతోంది అన్నవి మీ వృత్తికి సంబంధించిన విషయాలు. వాటి గురించి అడ్జస్టర్‌కు సమాచారం ఇవ్వవచ్చు. పాలసీ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అని వాదించడం మీ పని కాదు. సప్లిమెంట్‌లో «పాలసీ ప్రకారం మీరు చెల్లించాలి» అని రాయకుండా «ఈ పని చేయడానికి ఇది అవసరం» అని రాయడం మంచి అలవాటు.

డిడక్టబుల్ (నష్టంలో యజమాని సొంతంగా భరించాల్సిన భాగం) విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. సప్లిమెంట్‌ను పెంచి రాసి యజమాని కట్టాల్సిన డిడక్టబుల్‌ను అందులో సర్దేయడం చాలా రాష్ట్రాల్లో నేరం. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. యజమాని డిడక్టబుల్ కట్టినట్టు రుజువు చూపమని బీమా సంస్థ అడగవచ్చు. గాలి, వడగళ్లకు డిడక్టబుల్ తరచుగా ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది: 4,00,000 డాలర్ల విలువకు 2 శాతమంటే 8,000 డాలర్లు. ఈ మొత్తం విని యజమాని కంగుతినడం ఖాయం కనుక ఒప్పందం రాసుకునే రోజే చెప్పేయడం మేలు.

తగ్గిందా, ఆపి ఉంచారా?

ఎస్టిమేట్ చేతికి రాగానే చివరి పేజీలోని మొత్తాన్ని చూసి తక్కువ ఇచ్చారని అనుకోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. ఉదాహరణకు కొత్తగా వేయడానికయ్యే పూర్తి ఖర్చు 18,000 డాలర్లు, పాత కప్పు వయసును బట్టి తగ్గించే తరుగుదల 6,000, డిడక్టబుల్ 4,000 అనుకుందాం. యజమానికి వచ్చే మొదటి చెక్కు 8,000 మాత్రమే. పాలసీ పూర్తి ఖర్చు చెల్లించే రకమైతే ఆపి ఉంచిన 6,000 పని పూర్తయ్యాక వస్తుంది. దానికి సప్లిమెంట్ అక్కర్లేదు, పని పూర్తయిన ధ్రువీకరణ, ఇన్‌వాయిస్ చాలు. మీరు పోల్చి చూడాల్సింది 18,000 అన్న సంఖ్యతోనే. మీ లెక్క 23,500 వస్తే సప్లిమెంట్ విలువ 5,500. తరుగుదల తిరిగి రాని రకం పాలసీ అయితే ఆ సంగతి కూడా ఎస్టిమేట్‌లోనే రాసి ఉంటుంది, దాన్ని చూడకుండా పని మొదలుపెట్టకండి.

వరుస వరుసగా పోల్చడం

అసలు పని ఇక్కడే ఉంది. అడ్జస్టర్ ఎస్టిమేట్‌ను ఒక పక్కన, మీ కొలతలను మరో పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసనూ (ఒక పని, దాని కొలత, ధర రాసిన పంక్తిని) చూడండి. మొదట విస్తీర్ణం. ఉపగ్రహ లేదా విమాన చిత్రాల ఆధారంగా వచ్చే కొలతల నివేదిక తెప్పించుకుంటే వాదన సగం తగ్గుతుంది, ఎందుకంటే అది మీరు టేపు పట్టి కొలిచినది కాదు. 100 చదరపు అడుగులు ఒక స్క్వేర్. నిజమైన విస్తీర్ణం 30 స్క్వేర్లు, కప్పు నలువైపులా వాలు ఉన్న హిప్ రకం అనుకుంటే, 15 శాతం వృథా కలిపి 34.5 స్క్వేర్ల షింగిల్స్ కావాలి. అడ్జస్టర్ 27 స్క్వేర్లు కొలిచి, రెండు వైపులే వాలున్న కప్పుకు వేసినట్టు 10 శాతమే వృథా కలిపితే 29.7 వస్తుంది. రెండు చిన్న తేడాలు కలిసి 4.8 స్క్వేర్లు పోయాయి.

తర్వాత వాలు. ఎక్సాక్టిమేట్‌లో నిటారు కప్పుకు అదనపు ఛార్జి 7/12 వాలు (అడ్డంగా 12 అంగుళాలకు 7 అంగుళాల ఎత్తు) నుంచి మొదలవుతుంది, 10/12 దగ్గర మళ్లీ పెరుగుతుంది. ఇంటి మొత్తానికి 6/12 అని రాసేసి, ముందువైపు ముఖద్వారం మీదున్న 10/12 భాగాన్ని మరచిపోవడం తరచూ చూస్తుంటాం. ఆ భాగం మీద వాలు కొలిచే గేజి పెట్టి అంకె కనిపించేలా ఫోటో తీయండి. ఈ ఛార్జి పాత కప్పు విప్పడానికి ఒకటి, కొత్తది వేయడానికి ఒకటి, రెండు వరుసలుగా ఉంటుంది. ఒకటే వేసి రెండోది వదిలేసిన ఎస్టిమేట్లు కొల్లలు. రెండంతస్తుల ఎత్తుకూ ఇదే వర్తిస్తుంది.

ఇక స్టార్టర్ (చూరు అంచున మొదట వేసే పట్టీ), రిడ్జ్ క్యాప్ (కప్పు శిఖరం మీద వేసేది), డ్రిప్ ఎడ్జ్ (అంచు నుంచి నీటిని దూరంగా జార్చే రేకు), వ్యాలీ (రెండు వాలులు కలిసే లోయ), పైపుల చుట్టూ వేసే బూట్లు, గోడకు ఆనుకుని మెట్లు మెట్లుగా వచ్చే స్టెప్ ఫ్లాషింగ్, డిష్ యాంటెన్నా విప్పి మళ్లీ బిగించడం. వీటి గురించి పెద్దగా వాదించాల్సిన పని లేదు, పొడవులు లెక్కపెట్టి రాయడమే. స్టార్టర్ వృథాలోనే కలిసిపోయిందని జవాబు వస్తే తయారీదారు ఇన్‌స్టలేషన్ సూచనల్లోని ఆ పేజీని జతచేయండి. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ (ఇళ్ల నిర్మాణ నిబంధనల నమూనా)లోని ఆర్905.1 సెక్షన్ కప్పును తయారీదారు సూచనల ప్రకారం వేయాలంటోంది కనుక ఆ పేజీకి బలం వస్తుంది. డ్రిప్ ఎడ్జ్ చూరు దగ్గరా పక్క అంచుల దగ్గరా రెండు చోట్లా ఉండాలని అదే కోడ్ ఆర్905.2.8.5లో ఉంది. అయితే మీ నగరమో కౌంటీయో ఏ సంవత్సరపు కోడ్‌ను, ఏ సవరణలతో ఆమోదించిందో చూసుకుని, ఆ సంవత్సరాన్నే రాయాలి. కోడ్ మాట వచ్చినచోటల్లా మరో చిక్కు ఉంది: పాత ఇంటిలో లేనిదాన్ని కోడ్ కోసం కొత్తగా వేయాల్సి వస్తే, దానికి సొమ్ము రావాలంటే పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా అనే కవరేజి ఉండాలి, చాలా పాలసీల్లో ఖర్చు చేసిన తర్వాతే అది చెల్లిస్తారు. ఆ కవరేజి ఉందో లేదో యజమానిని చూసి చెప్పమనండి.

కోడ్ ఆధారంతో రాసే వరుస ఎలా ఉండాలో ఒకటి దగ్గరగా చూద్దాం. మంచు పేరుకుని గడ్డకట్టే ప్రాంతమని స్థానిక అధికారులు గుర్తించిన చోట, చూరు అంచు నుంచి బయటి గోడ రేఖకు 24 అంగుళాలు లోపలి వరకు ఐస్ అండ్ వాటర్ షీల్డ్ అనే అంటుకునే పొర వేయాలి. అడ్జస్టర్ 36 అంగుళాల రోలు ఒక వరుస వేసి సరిపోయిందన్నారు అనుకోండి. చూరు గోడ దాటి 18 అంగుళాలు బయటికి ఉంది. దానికి 24 కలిపితే అడ్డంగా 42 అంగుళాలు. కప్పు వాలు 6/12 కనుక వాలు వెంబడి కొలత 1.118 రెట్లు, అంటే సుమారు 47 అంగుళాలు. 36 అంగుళాల రోలు అక్కడికి చేరదు, రెండో వరుస వేయక తప్పదు. 120 అడుగుల చూరుకు రెండో వరుస 360 చదరపు అడుగులు. చూరు కింద టేపు పట్టి 18 అంగుళాలు కనిపించే ఫోటో ఒకటి, నాలుగు పంక్తుల లెక్క ఒకటి, కోడ్ సెక్షన్ ఒకటి. ఇంత పంపాక కాదనడానికి అడ్జస్టర్‌కు పెద్దగా ఏమీ మిగలదు, పైగా తన పై అధికారికి చూపడానికి ఆధారం ఆయన చేతికి వస్తుంది.

ఓవర్‌హెడ్ (సంస్థను నడిపే ఖర్చులు), లాభం కింద 10 శాతం చొప్పున వేసే వరుస మీద గొడవ ఎక్కువ. మూడు రకాల పనివారు ఉంటేనే ఇస్తామన్న మాట తరచూ వినిపిస్తుంది. అది వాడుక సూత్రం, మామూలుగా పాలసీలో కనిపించే షరతు కాదు. సాధారణంగా చూసేది ఆ పనికి జనరల్ కాంట్రాక్టరు (వేర్వేరు పనివారిని సమన్వయం చేసేవారు) అవసరం పడే అవకాశం ఉందా అన్నదే. కప్పుతోపాటు గట్టర్లు, కిటికీ జాలీలు, లోపలి సీలింగు, పెయింటు ఉంటే ఎవరు ఎప్పుడు రావాలో ఒక కాగితం మీద రాసి పంపండి. కేవలం షింగిల్స్ మార్చే పనికి దీన్ని పట్టుబట్టి అడిగితే మిగతా వరుసల మీద కూడా మీ మాటకు విలువ తగ్గుతుందన్నది నా అనుభవం.

కప్పు విప్పే రోజు

పైకి కనిపించే తేడాలన్నిటికీ సప్లిమెంట్‌ను పని మొదలుకాక ముందే పంపాలి. విప్పాక బయటపడేవాటికి మాత్రం ఆ రోజే ఆధారం పుట్టాలి. మా సంస్థలో ఒకసారి పాత కప్పు కింద రెండో పొర బయటపడింది. పనివారు చురుకైనవాళ్లు, నేను వెళ్లేసరికి మొత్తం చెత్త పెట్టెలోకి చేరి, పెట్టె కూడా వెళ్లిపోయింది. బీమా సంస్థ ఫోటో అడిగింది. మా దగ్గర లేదు. 28 స్క్వేర్ల రెండో పొర విప్పిన కూలి, చెత్త ఖర్చు మేమే భరించాం, అడ్జస్టర్‌ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. అప్పటి నుంచి మొదటి గంటలోనే మేస్త్రి అంచు దగ్గర పొరలను కోసి, టేపు పెట్టి, వెనుక ఇంటి నంబరు కనిపించేలా ఒక ఫోటో తీసి పంపాకే మిగతా కప్పు విప్పాలన్నది మా నియమం.

చెక్క విషయంలోనూ అంతే. పాత ఇళ్లలో షింగిల్స్ కింద సందులు వదిలి కొట్టిన పలకలు బయటపడితే, కోడ్ ఆస్ఫాల్ట్ షింగిల్స్‌కు సందులు లేని గట్టి డెక్ కోరుతోంది కనుక ఓఎస్‌బీ (చెక్క ముక్కలను అతికించి చేసిన పలక) లేదా ప్లైవుడ్ వేయాల్సి వస్తుంది. పని ఆపి, ఫోటోలు తీసి, వెంటనే అడ్జస్టర్‌కు ఈమెయిల్ చేసి, వచ్చి చూస్తారా అని అడగండి. వాన సూచన ఉండి ఆగలేకపోతే ఆ మాట కూడా ఈమెయిల్‌లో రాయండి. ఏళ్ల తరబడి కారుతూ కుళ్లిన చెక్కను తుపాను ఖాతాలో రాయకండి. ఫోటోలోని నలుపు చూసి అనుభవమున్న అడ్జస్టర్ ఇట్టే పసిగడతారు.

పంపడం, వెంటపడడం

అన్నీ ఒకే పీడీఎఫ్‌లో ఉండాలి: క్లెయిము నంబరు, నష్టం జరిగిన తేదీ, వరుసల పట్టిక, ఒక్కొక్క వరుస కింద దాని ఫోటో, కొలత, నిబంధన. ఎస్టిమేట్‌ను ఎక్సాక్టిమేట్‌లోనే, అదే నెల, అదే ప్రాంతపు ధరల పట్టికతో తయారు చేస్తే అడ్జస్టర్ పని సులువవుతుంది, సులువైన ఫైలే ముందు కదులుతుంది. పంపిన ప్రతిదానికీ ఒక ప్రతిని యజమానికి ఇవ్వండి. వారం రోజులకొకసారి ఈమెయిల్ చేసి, ఫోనులో మాట్లాడిన ప్రతిదాన్నీ అదే రోజు రాతలో ధ్రువీకరించుకోండి. గడువులు రాష్ట్రాన్ని బట్టి, పాలసీని బట్టి మారతాయి. ఫ్లోరిడాలో 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం సప్లిమెంటల్ క్లెయిముకు నష్టం జరిగిన తేదీ నుంచి 18 నెలలే సమయం. 2023 జనవరి 1 నుంచి జారీ అయిన పాలసీల విషయంలో అక్కడ యజమాని తన క్లెయిము హక్కును కాంట్రాక్టరుకు రాసివ్వడం కూడా చెల్లదు.

కొన్ని వరుసలు ఒప్పుకుని కొన్ని కాదన్నప్పుడు, ఏ వరుసను ఏ కారణంతో కాదన్నారో రాతలో అడగండి. కారణం తెలిస్తే దానికి సరిపడే ఆధారంతో మళ్లీ పంపవచ్చు, లేదా కప్పు ఇంకా విప్పనట్లయితే రెండోసారి తనిఖీకి యజమాని చేత అడిగించి మీరు కూడా అక్కడ ఉండవచ్చు. అప్పటికీ తేలకపోతే పాలసీలో అప్రైజల్ (నష్టం విలువను మధ్యవర్తుల చేత తేల్పించుకునే) నిబంధన ఉందేమో చూసుకోవడం, పబ్లిక్ అడ్జస్టర్‌నో న్యాయవాదినో పెట్టుకోవడం, రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేయడం వంటి దారులున్నాయి. ఇవన్నీ యజమాని నిర్ణయాలు.

సప్లిమెంట్ మంజూరైన చెక్కు మీద ఇంటి రుణం ఇచ్చిన బ్యాంకు పేరు కూడా ఉండవచ్చు, సంతకానికి వారాలు పట్టవచ్చు, అందుకే సరుకు బాకీల తేదీలు పెట్టుకునేటప్పుడు ఆ వారాలను కలుపుకోండి. పని పూర్తయ్యాక పంపే చివరి ఇన్‌వాయిస్‌లో నిజంగా చేసిన పనులే ఉండాలి. మంజూరైనా మీరు వేయని వరుస ఏదైనా ఉంటే దాన్ని తీసేసి పంపండి, ఆపి ఉంచిన తరుగుదల విడుదలయ్యేది ఆ కాగితం మీదే.